సగటు దాచిన జాతి

హిందూ మహాసముద్రం అడుగున ఉత్తర దక్షిణాలుగా వేల కిలోమీటర్లు సాగిన ఒక పర్వతశ్రేణి ఉంది. 90 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అంటిపెట్టుకుని ఉండటంతో ఆ అంకె మీదే దానికి పేరొచ్చింది. ఉత్తరపు కొస మన బంగాళాఖాతం మట్టి కింద పూడిపోయింది. 1972లో గ్లోమర్ ఛాలెంజర్ నౌక ఆ శ్రేణి మీద తవ్విన బావుల్లో 214వ నంబరుది ఒకటి. పైకొచ్చిన మట్టి నిండా ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల సున్నపు పెంకులు. ఒక్కోటి ఇసుక రేణువంత ఉంటుంది. లక్షల ఏళ్లుగా పొర మీద పొరగా రాలినవి కాబట్టి, లోతుకు పోయేకొద్దీ కాలంలో వెనక్కి వెళ్తాం.

ఆ మట్టిలోంచే మాల్మ్‌గ్రెన్, బెర్గ్రెన్, లోమన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు గ్లోబోరొటాలియా ట్యుమిడా అనే ఫొరామినిఫెరా వంశాన్ని ఎంచుకున్నారు. పెంకును పక్కనుంచి చూస్తే కనిపించే అంచు గీత మీద సమదూరంలో చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క దగ్గర గీత ఎంత వంగిందో రాసుకుంటే ఆకారం అంకెల వరుసగా మారుతుంది. వందల పెంకుల వరుసలను కలిపి, వాటి మధ్య తేడాలో అత్యధిక భాగాన్ని పట్టివ్వగల రెండు మూడు కొలతలను గణితంతో రాబట్టవచ్చు. లావుగా ఉంది, సాగినట్టుంది అనే కంటి అంచనాతో ఇక పని లేదు.

1983లో వచ్చిన వారి ఫలితం సంచలనమైంది. కోటి ఏళ్ల చరిత్రలో ఆకారం చాలాకాలం నిలకడగా ఉండి, 56 లక్షల నుంచి 50 లక్షల ఏళ్ల క్రితం మధ్య గట్టిగా మారి, మళ్లీ స్థిరపడింది. పాత జాతి నుంచి కొత్తది చీలి, ఉన్నట్టుండి పుడుతుందని శిలాజ శాస్త్రవేత్తలు ఎల్‌డ్రెడ్జ్, గూల్డ్ 1972లోనే వాదించారు. కానీ ఇక్కడ చీలికే కనబడలేదు, వంశమంతా ఒక్కటిగా జరిగినట్టుంది.

అయితే ఆ గ్రాఫులో ఉన్నవి సగటులు. ఐదో తరగతి, పదో తరగతి పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, రోజుకు కొందరు చొప్పున చిన్నవాళ్లను పంపేస్తుంటే గదిలో సగటు ఎత్తు మెల్లగా పెరుగుతుంది. పిల్లలెవరూ అంగుళం పెరగలేదు. 2009లో పిన్సెలీ హల్, రిచర్డ్ నోరిస్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ అనుమానంతోనే విడివిడి పెంకుల కొలతలను పరీక్షించారు. పెంకుల్లోని కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపులనూ చూశారు, ఎందుకంటే ఆ జీవి ఎలాంటి నీటిలో బతికిందో వాటి నిష్పత్తి చెబుతుంది. కొత్త జాతి సుమారు 44 వేల ఏళ్లలోనే రూపుదిద్దుకుందని, ఆ తర్వాత తల్లిజాతి పక్కనే చాలాకాలం బతికిందని వారు తేల్చారు. నెమ్మదిగా మారింది రెండు జాతుల పాళ్లే!

నన్నడిగితే శిలాజాల్లో పరిణామాన్ని వెతికే రంగంలో అత్యంత విలువైన పాఠం ఇదే. సగటు ఎటు కదిలిందని అడిగే ముందు, ఆ గుంపులో ఎన్ని జాతులున్నాయో తేల్చుకోవాలి. సగటు నిజంగా కదిలినా అది ఒక దిశను పట్టుకుని సాగిందా, గాలివాటంగా అటూ ఇటూ తిరిగి అక్కడికి చేరిందా అన్నది వేరే పరీక్ష. శిలాజ శాస్త్రవేత్త జీన్ హంట్ 2007లో రకరకాల జీవుల శిలాజ వంశాల నుంచి 251 లక్షణాలను ఇలా జల్లెడ పడితే, ఒక దిశలో సాగినవి దాదాపు 5 శాతమే నిలిచాయి. మిగతావి సగం గాలివాటం, సగం నిలకడ.