పడవ ఇంజను – కందెన చమురు
తెరచాప పడవలోని పాత డీజిలు ఇంజను పనిచేసి చెడుటకంటె, ఊరకుండి చెడుటయే తరచు. రేవు దాటువరకు పది నిమిషములు నడిపి, తెరచాప ఎత్తగనే ఆపివేయుదుము. అది చక్కగా వేడెక్కదు. ఇంధనము మండగా పుట్టిన నీరు, ఆమ్లములు కందెన చమురులో నిలిచి బేరింగులను తినివేయును. కావున పడవను నెలల తరబడి కట్టివేయుటకు ముందే చమురు మార్చవలెనని మేము మనవి చేయుచున్నాము. మరల బయలుదేరునాడు మార్చిన చాలదు. మొదట ఇంజనును కొంతసేపు నడిపి, వెచ్చగా నున్నప్పుడే పాత చమురును తీసివేయవలెను. మడ్డియు దానితో వచ్చును. ఫిల్టరు మార్చి, క్రొత్త చమురు పోసి, అది అంతటను వ్యాపించునట్లు మరికొంతసేపు నడుపవలెను. కొలకడ్డీపై చమురు పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని గుర్తు. కారణము తెలియక నడుపరాదు. గాలి పడిపోయి, కెరటము పడవను రాళ్ళవైపు నెట్టునాడు ఆ ఇంజనే మనకు దిక్కు.