తల్లిదండ్రుల విడాకులు - సంతానం దాంపత్యం

వివాహం ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం. ఆ ఒప్పందం రద్దయితే భార్యాభర్తల బంధం తెగిపోతుంది. తల్లి, తండ్రి అన్న బంధం మాత్రం తెగదు. ధర్మశాస్త్రవేత్తలు తలాక్ ప్రకరణంలోనే పిల్లల పోషణను, సంరక్షణను కూడా చర్చించడానికి కారణం ఇదే. అయితే ఆ చర్చ ఎక్కువగా పసిబిడ్డల గురించే సాగుతుంది. పాలిచ్చే బాధ్యత ఎవరిది, ఖర్చు భరించవలసింది ఎవరు, ఏ వయసు వరకు బిడ్డ ఎవరి వద్ద ఉండాలి అన్నవే అందులోని ప్రశ్నలు.

ఆ బిడ్డ పెరిగి పెద్దయి, తన పెళ్లి మాట వచ్చిన నాడు ఏమవుతుంది? మరొక మనిషిని జీవితాంతం నమ్మవలసి వచ్చినప్పుడు, చిన్ననాడు చూసిన తెగతెంపులు ఏ రూపంలో ఎదురవుతాయి? గత యాభై ఏళ్లలో సామాజిక శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను నిశితంగా పరిశీలించారు. వారు తేల్చిన విషయాలు తెలుసుకోవడం రెండు విధాల అవసరం. విడిపోదలచిన దంపతులకు అవి హెచ్చరిక వంటివి. సంబంధాలు చూసే పెద్దలలో పాతుకుపోయిన ఒక అపోహను అవి తొలగిస్తాయి.

కాలిఫోర్నియా పిల్లలు

ఈ పరిశోధనలకు అమెరికా ప్రధాన క్షేత్రం కావడం యాదృచ్ఛికం కాదు. 1970 జనవరి 1 నుండి కాలిఫోర్నియా రాష్ట్రంలో కొత్త కుటుంబ చట్టం అమలులోకి వచ్చింది. భార్యాభర్తలలో ఎవరి తప్పునూ రుజువు చేయనక్కర లేకుండా, రాజీకి వీలులేని విభేదాలున్నాయన్న కారణంపైనే విడాకులు పొందే అవకాశం కలిగింది. తక్కిన రాష్ట్రాలు కూడా క్రమంగా అదే బాట పట్టాయి. విడాకులు తీసుకున్న తల్లిదండ్రుల నీడలో ఒక తరమే పెరిగి పెద్దదయింది.

1971లో జూడిత్ వాలర్‌స్టైన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మెరీన్ కౌంటీలో 60 కుటుంబాలకు చెందిన 131 మంది పిల్లల జీవితాలను పరిశీలించడం ప్రారంభించింది. ఆ పరిశీలన 25 ఏళ్లకు పైగా సాగింది. ఫలితాలు 1980, 1989, 2000 సంవత్సరాలలో మూడు గ్రంథాలుగా వెలువడ్డాయి. ఆమె గమనించిన విశేషం ఒకటి ఉన్నది. చిన్నతనంలో తేరుకున్నట్లే కనిపించిన పిల్లలు కొందరు, యౌవనంలో ప్రేమ, పెళ్లి అన్న మాటలు వచ్చేసరికి ఉన్నట్టుండి తడబడ్డారు. చదువులో, ఉద్యోగంలో చక్కగా రాణించిన యువతులు సైతం తమను కోరి వచ్చినవారిని నమ్మలేకపోయారు. నమ్మినవారు ఏనాడైనా వదిలి వెళతారేమోనన్న భయంతో జీవించారు. విత్తనం భూమిలో కొంతకాలం నిద్రించి తర్వాత మొలకెత్తినట్లు, ఈ ప్రభావం ఏళ్లు గడిచాక బయటపడిందని వాలర్‌స్టైన్ అభిప్రాయం.

ఈ అధ్యయనంపై విమర్శలు లేకపోలేదు. ఎంచుకున్న కుటుంబాలు తక్కువ. అవి ప్రధానంగా ఒక సంపన్న ప్రాంతపు మధ్యతరగతివి. విడిపోని కుటుంబాల పిల్లలతో పోల్చి చూడడం మొదట్లో జరగలేదు. కనుక ఆమె చెప్పినదాన్ని అందరికీ వర్తింపజేయడం సరికాదు.

అంకెలు చెప్పేది

వర్జీనియాలో మేవిస్ హెథరింగ్టన్ దాదాపు 1,400 కుటుంబాలను పరిశీలించి, 2002లో ప్రచురించిన గ్రంథంలో మరొక చిత్రాన్ని మన ముందుంచింది. విడాకులు పొందిన కుటుంబాల పిల్లలలో తీవ్రమైన మానసిక, సామాజిక సమస్యలు దాదాపు 25 శాతం మందిలో కనిపించగా, విడిపోని కుటుంబాల పిల్లలలో అవి 10 శాతం మందిలో కనిపించాయి. ఈ అంకెలను రెండు వైపుల నుండి చదవాలి. ముప్పు రెట్టింపు కన్న ఎక్కువ అన్నది ఒక వైపు. నలుగురిలో ముగ్గురు చక్కగా నిలదొక్కుకున్నారన్నది రెండవ వైపు. మొదటి వైపు మాత్రమే చూసేవారు భయపడతారు, భయపెడతారు. రెండవ వైపు మాత్రమే చూసేవారు బాధ్యత మరచిపోతారు.

తల్లిదండ్రులు విడిపోయినవారి సొంత వివాహాలు కూడా విచ్ఛిన్నమయ్యే అవకాశం ఎక్కువేనని అమెరికాలో పలు అధ్యయనాలు తెలిపాయి. భార్యాభర్తలిద్దరూ అటువంటి కుటుంబాల నుండి వచ్చినప్పుడు ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. అయితే 2005లో నికొలస్ వుల్ఫింగర్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, విడాకులు సర్వసాధారణమైన కొద్దీ ఒక తరం నుండి మరొక తరానికి జరిగే ఈ సంక్రమణ బలహీనపడుతూ వచ్చింది. లోకం వేలెత్తి చూపడం తగ్గినప్పుడు పిల్లలపై భారం కూడా తగ్గుతుందని దీనినిబట్టి ఊహించవచ్చు.

ఇందులో పుట్టుకతో వచ్చిన స్వభావానికి కూడా పాత్ర ఉండవచ్చు. దత్తు వెళ్లిన పిల్లలపై స్వీడన్‌లో జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. విడాకుల విషయంలో ఆ పిల్లలకు పెంచినవారితో కన్న కన్నవారితోనే ఎక్కువ పోలిక కనబడింది. కనుక పిల్లల దాంపత్యంలో వచ్చే ప్రతి ఒడిదుడుకునూ ఇంట్లో చూసిన కలహానికే అంటగట్టడం తొందరపాటు.

కలహమా, కారణం తెలియని విడాకులా?

అన్నింటిలోకీ ఆలోచింపజేసేది పాల్ అమాటో, ఆలన్ బూత్‌ల పరిశోధన. వీరు 1980లో దేశవ్యాప్తంగా వివాహితులను ప్రశ్నించి, తర్వాత పెద్దవారైన వారి సంతానాన్ని కూడా ప్రశ్నించారు. విడాకులకు ముందు ఆ ఇంట కలహం ఏ మేరకు ఉండేదో ముందే నమోదై ఉండడం ఈ పరిశోధన బలం. నిత్యం తీవ్ర కలహంతో రగిలిన ఇళ్లలో విడాకులు పిల్లలకు ఒక విధమైన ఊరట అయ్యాయి. పైకి ప్రశాంతంగా ఉన్న ఇళ్లు ఉన్నట్టుండి విడిపోయినప్పుడే పిల్లలు ఎక్కువగా దెబ్బతిన్నారు. 2001లో అమాటో మరొక పరిశోధకురాలితో కలిసి ప్రచురించిన వ్యాసం ఇంకొక అడుగు ముందుకు వేసింది. కలహిస్తూనే కలిసి ఉన్న తల్లిదండ్రుల పిల్లలలో విడాకుల ముప్పు పెరగలేదు. పెద్దగా కలహం లేకుండానే విడిపోయినవారి పిల్లలలో అది అందరికన్న ఎక్కువగా కనబడింది.

దీని భావమేమి? పిల్లలు పోట్లాటను వారసత్వంగా పొందడం లేదు. పెళ్లి అన్న మాట ఎంత గట్టిది అన్న అంచనాను వారసత్వంగా పొందుతున్నారు. తీవ్రమైన కారణంతో విడిపోయిన తల్లిదండ్రులను చూసిన పిల్లవాడు, భరించరాని స్థితిలోనే పెళ్లి తెగుతుందని గ్రహిస్తాడు. కారణమే కనబడని విడాకులు చూసినవాడికి మాత్రం ఏ పెళ్లి అయినా ఏ ఉదయమైనా తెగిపోవచ్చుననిపిస్తుంది. అట్టివాడు ప్రేమించినా సగం మనసుతోనే ప్రేమిస్తాడు, లేదా చిన్న మాట పట్టింపుకే ఇక ఇంతేనని లేచిపోతాడు.

ధర్మశాస్త్రం చూపిన క్రమం

ఈ దృష్టితో చూస్తే విడాకుల విషయంలో దివ్యఖుర్ఆన్ విధించిన క్రమంలోని ఒక ప్రయోజనం స్పష్టమవుతుంది. నిసా సూరా 35వ వాక్యం వివాదం ముదిరినప్పుడు భర్త తరఫున ఒకరిని, భార్య తరఫున ఒకరిని మధ్యవర్తులుగా నియమించమంటుంది. తలాక్ సూరా గడువు పూర్తయ్యేవరకు భార్యను ఇంటి నుండి వెళ్లగొట్టరాదని శాసిస్తుంది. బఖరా సూరా 233వ వాక్యం బిడ్డను అడ్డం పెట్టుకుని తల్లిని గానీ తండ్రిని గానీ బాధపెట్టరాదని చెబుతుంది. అదే సూరా 237వ వాక్యం విడిపోయేటప్పుడు కూడా పరస్పర ఔదార్యాన్ని మరువవద్దంటుంది.

ఈ క్రమాన్ని పాటించిన ఇంట పిల్లలు ఏమి చూస్తారు? పెద్దలు వచ్చి కూర్చున్నారు, మాట్లాడారు, నెలల తరబడి ప్రయత్నం జరిగింది, కుదరలేదు. ప్రయత్నం కంటికి కనబడింది గనుక పెళ్లి విలువ వారి మనసులో తగ్గదు. దీనికి భిన్నంగా కోపంలో ఒక్క ఊపిరిన ముమ్మారు తలాక్ చెప్పేసిన ఇంటి బిడ్డకు మిగిలేది దిగ్భ్రాంతి ఒక్కటే. భారత సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో, తలాక్‌కు సహేతుకమైన కారణం ఉండాలని, దానికి ముందు ఇరువైపుల మధ్యవర్తుల ద్వారా రాజీ ప్రయత్నం జరగాలని స్పష్టం చేసింది. ఒకేసారి ముమ్మారు చెప్పే తలాక్‌ను 2017 ఆగస్టు 22న కొట్టివేసింది. 2019 నాటి చట్టం దానిని శిక్షార్హమైన నేరంగా చేసింది. చట్టం తలుపు వేయగలదు. కాని మధ్యవర్తుల పీటను వేయవలసింది కుటుంబాలే.

ఆసిమ్ ఉదంతం

విడిపోయిన తల్లిదండ్రుల బిడ్డ అన్న మాట ఇస్లామీయ చరిత్రకు కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) తన అన్సారీ భార్య నుండి విడిపోయారు. వారికి ఆసిమ్ అనే కుమారుడున్నాడు. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఉన్న కథనం ప్రకారం, ఒకనాడు ఉమర్ (రజి) ఖుబా వెళ్లగా మస్జిద్ ఆవరణలో ఆడుకుంటున్న ఆ బాలుడు కనిపించాడు. ఆయన వాడిని చేయి పట్టి తన వాహనంపై ఎక్కించుకోబోగా, బాలుని అమ్మమ్మ వచ్చి అడ్డుకున్నది. వివాదం ఖలీఫా అబూబక్ర్ (రజి) వద్దకు వెళ్లింది. పిల్లవాణ్ణి ఆమెకే వదిలిపెట్టమని ఆయన తీర్పు చెప్పారు. ఉమర్ (రజి) మారు పలకలేదు.

ఆ మౌనం గమనించదగినది. తండ్రి ఓడిపోయాడు, కాని కొడుకును దూరం చేసుకోలేదు. ఆసిమ్ పెళ్లీడుకు వచ్చినప్పుడు సంబంధం చూసింది ఆ తండ్రే. పాలలో నీళ్లు కలపమని తల్లి చెప్పినా, ఖలీఫా చూడకపోయినా దైవం చూస్తాడని నిరాకరించిన పేద యువతిని ఆసిమ్‌కు ఇచ్చి పెళ్లి చేయించారని చరిత్రకారుల కథనం. ఆసిమ్ కుమార్తె కొడుకే 717 నుండి 720 వరకు ఖలీఫాగా ఉండి న్యాయపాలనకు పేరుపొందిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్. తెగిపోయిన ఒక దాంపత్యంలోని బిడ్డ ఇంటి నుండే ఆ వంశం సాగింది.

సంబంధాలు చూసే వేళ

తెలుగునాట ముస్లిం కుటుంబాలలో గానీ, తక్కిన కుటుంబాలలో గానీ సంబంధం మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు విడిపోయారని తెలిస్తే ముఖం చిట్లించేవారున్నారు. ఆడపిల్ల విషయంలో ఈ చిన్నచూపు మరీ ఎక్కువ. దీనికి ధర్మశాస్త్రంలో ఆధారం లేదు. వధూవరుల ఈడుజోడును తెలిపే ‘కుఫూ’ నియమాలలో హనఫీ పండితులు వంశం, ధర్మనిష్ఠ, సంపద, వృత్తి వంటివి లెక్కించారు. తల్లిదండ్రుల విడాకులను వారు లోపంగా లెక్కించలేదు. పరిశోధనలలోనూ దీనికి ఆధారం లేదు. ఒక సమూహంలో కనబడిన సగటు, ఎదుట కూర్చున్న ఆ ఒక్క అమ్మాయి జాతకం కాజాలదు. పైగా, అపనమ్మకంతో పెరిగిన మనిషిని మరొకసారి తిరస్కరిస్తే ఆ అపనమ్మకమే రుజువవుతుంది.

విడిపోయిన తల్లిదండ్రులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లల వయసుకు తగినట్లు కారణం చెప్పాలి. చెప్పేటప్పుడు రెండవవారి పరువు తీయరాదు. మేనమామ ఇంట్లోనో, మేనత్త ఇంట్లోనో కుదురుగా సాగుతున్న దాంపత్యాన్ని పిల్లలు దగ్గర నుండి చూసే వీలు కల్పించాలి. అలిగిన భార్యాభర్తలు మరునాడు తిరిగి మాట్లాడుకోవడం ఎట్లాగో చూసి నేర్చుకోవలసిందే, చెబితే వచ్చేది కాదు. పెళ్లినాడు తల్లి, తండ్రి ఇద్దరూ ఒకే పందిట్లో మర్యాదగా నిలబడగలగాలి.

ఇక ఆ యువతీ యువకుల సంగతి. తమలోని భయం ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకున్నవారికి దాని పట్టు సడలుతుంది. కాబోయే జీవిత భాగస్వామికి ఆ భయాన్ని దాచకుండా చెప్పుకోవడం బలహీనత కాదు. తల్లిదండ్రుల ఒప్పందం వారిది, పిల్లలు చేసుకోబోయే ఒప్పందం వేరు. నికాహ్ సభలో ‘ఖుబూల్’ అనే మాటను ఎవరికి వారే స్వయంగా పలకవలసి ఉంటుంది.