డబ్బు రావాలంటే స్కాన్ చేయక్కర్లేదు!

ఈరోజు టాపిక్ క్యూఆర్ కోడ్ మోసాలు. "ఇది మాకు తెలుసులే అన్నా" అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

ముందు ఆ నల్ల గళ్లలో ఏముంటుందో చూద్దాం. 1994లో జపాన్‌కి చెందిన డెన్సో వేవ్ కంపెనీ, కార్ల విడిభాగాల లెక్క కోసం దీన్ని తయారు చేసింది. అందులో ఉండేది ఉత్త అక్షరాలు, అంకెలే. పేమెంట్ కోడ్ అయితే డబ్బు ఎవరికి వెళ్లాలో ఆ యూపీఐ ఐడీ, పేరు, ఒక్కోసారి అమౌంట్ కూడా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చెప్తున్నా, ఇంకే మ్యాజిక్కూ లేదు. స్కాన్ చేసింది మీరైతే, డబ్బు పంపేదీ మీరే.

ఇప్పుడు మొదటి రకం మోసం. మీ పాత సైకిల్‌ని 4,000 రూపాయలకి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారనుకోండి. ఒకతను ఫోన్ చేసి వెంటనే ఓకే అంటాడు. మన దగ్గర బేరం ఆడకుండా కొనేవాడు ఎవడండీ? డౌట్ అక్కడే రావాలి! "ఆర్మీలో ఉన్నా, రాలేను, డబ్బు ఇప్పుడే వేస్తా" అని వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపుతాడు. నమ్మకం కోసం ముందు 1 రూపాయి నిజంగానే వేస్తాడు. "ఇక ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి, మిగతాది పడుతుంది" అంటాడు. కొడితే పడదు, పోతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. బ్యాలెన్స్ చూసుకోవడానికి కాకుండా పిన్ అడిగిందంటే, డబ్బు మీ అకౌంట్ నుంచి వెళ్తోందని అర్థం.

రెండోది స్టిక్కర్ మోసం. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో ఇదే జరిగింది. రాత్రికి రాత్రి కొన్ని షాపుల క్యూఆర్ కోడ్‌ల మీద వేరే కోడ్‌లు అతికించేశారు. కస్టమర్లు కట్టిన డబ్బు ఇంకెవరికో పోయింది. ఇలాంటప్పుడు మునిగేది టీ కొట్టు బాబాయ్ లాంటివాళ్లే. అందుకే స్కాన్ చేశాక వచ్చే పేరు చదివి, "బాబాయ్, ఈ పేరు మీదేనా?" అని అడగండి. ఇంట్లో ఎవరికైనా షాపు ఉంటే, పొద్దున షట్టర్ తీయగానే 1 రూపాయి వేసి సౌండ్ బాక్స్ మోగుతుందో లేదో చూడమనండి.

మూడోది లింక్ మోసం. గోడ మీదో, పాంప్లెట్ మీదో "స్కాన్ చేస్తే గిఫ్ట్" అని ఉంటుంది. కెమెరాలో కనిపించే లింక్‌ని తెరిచే ముందు చదవండి. ఏపీకే ఫైల్ డౌన్‌లోడ్ చేయమన్నా, కార్డు నంబర్ అడిగినా వెంటనే బయటికి వచ్చేయండి.

ఒకవేళ డబ్బు పోతే? వెంటనే 1930కి కాల్ చేయండి, మీ బ్యాంకుకీ చెప్పండి. ఎంత త్వరగా చెప్తే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. "పరువు పోతుంది" అని దాచుకుంటే లాభపడేది వాడే.

ఈ ఎపిసోడ్‌ని ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడమే కాదు, కొత్తగా యూపీఐ వాడుతున్న అమ్మకో నాన్నకో పక్కన కూర్చుని చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!