కళ్ళములోనే అమ్మవలెనా? గిడ్డంగి రసీదుపై పరపతి



పంట కళ్ళమునకు వచ్చిన నెలలోనే ధర పడిపోవుట, బస్తాలు మన చేయి దాటిన పిమ్మట అదే ధర పెరుగుట మీరు తరచు చూచుచున్న సంగతియే. అందరి పంటయు ఒక్కసారి బజారునకు వచ్చుట ఇందుకొక కారణము. అప్పు గడువు మీద పడుట రెండవ కారణము. మొదటిది ఋతువు పని. మన చేతిలో లేదు. రెండవ దానికి మాత్రము ఉపాయము కలదు.

1951–52లో రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతు తెచ్చుకొను ప్రతి 100 రూపాయల అప్పులో సహకార సంఘముల వంతు 3 రూపాయల చిల్లర మాత్రమేయని తేలినది. వడ్డీ వ్యాపారుల వంతు సుమారు 70 రూపాయలు. అప్పు ఇచ్చినవాడే సరకు కొనువాడైనచోట ధర చెప్పు హక్కు రైతుకు మిగులదు గదా! అందువలననే 1954 నాటి ఆ నివేదిక పరపతిని, విక్రయమును, గిడ్డంగిని ఒకే త్రాట కట్టవలెనని సలహా ఇచ్చినది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టము 17వ విభాగము ప్రకారము సేద్యపు పనులకే గాక పంటల విక్రయమునకును పరపతి ఇవ్వవచ్చును. మొదట 9 నెలలుగా ఉన్న గడువును 1951లో 15 నెలలకు పెంచిరి. ఆ పత్రముపై కనీసము రెండు నమ్మకమైన సంతకములు ఉండవలెను. వానిలో ఒకటి రాష్ట్ర సహకార బ్యాంకుది గాని షెడ్యూల్డు బ్యాంకుది గాని కావలెను. కనుక సొమ్ము నేరుగా రైతుకు రాలేదు. రాష్ట్ర బ్యాంకు, జిల్లా బ్యాంకు, సంఘము అను మెట్ల మీదుగా దిగివచ్చినది. 1982 జూలైలో నాబార్డు ఏర్పడిన పిమ్మట సహకార బ్యాంకులకు ఇట్లు వెనుక నుండి సొమ్ము అందించు పని దానికి సంక్రమించినది.

సరకుపై అప్పు ఇచ్చుటకు సరకు భద్రముగా ఉన్నదను ఋజువు కావలెను. అందుకే 1956లో గిడ్డంగుల కార్పొరేషన్ల చట్టమును, 2007లో గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టమును చేసిరి. రెండవ చట్టము క్రింద నమోదు పొందిన గిడ్డంగి ఇచ్చు రసీదును చేతులు మార్చవచ్చును, బ్యాంకులో తాకట్టు పెట్టవచ్చును.

పద్ధతి ఇది

ధాన్యమును బాగుగా ఎండబెట్టుడు. తేమ 14 శాతమునకు మించినచో నిలువలో పురుగు, బూజు పట్టును. తూర్పారబట్టి, తూకము వేయించి గిడ్డంగిలో చేర్చి రసీదు తీసుకొనుడు. సంఘము గాని బ్యాంకు గాని ఆనాటి విలువలో కొంత భాగము అప్పుగా ఇచ్చును. మిగిలిన భాగము ధర తగ్గినప్పుడు అడ్డుపడు అంచు. ఆ సొమ్ముతో మొదట పంట అప్పు తీర్చుడు. అప్పుడు పంట అప్పు గడువు మిమ్ములను తరుమదు. అమ్మకపు రోజును మీరే నిర్ణయించుకొనవచ్చును.

లెక్క చూచుకొనుడు

ఉదాహరణకు, 75 కిలోల బస్తాలు 40, అనగా 30 క్వింటాళ్ళు నిలువ చేసితిరనుకొనుడు. క్వింటాలు 2,000 రూపాయలైన విలువ 60,000. అందులో 70 శాతము, అనగా 42,000 అప్పు దొరికినది. వడ్డీ 7 శాతమైనచో నాలుగు నెలలకు 980 రూపాయలు. బస్తాకు నెలకు 5 రూపాయల చొప్పున అద్దె 800. వెరసి 1,780. క్వింటాలుకు సుమారు 60 రూపాయలు పెరిగిన గాని అసలు ఖర్చే రాదు. ఎండుటవలన తగ్గు తూకము దీనికి అదనము. అంతకు మించి ధర పెరుగునను ఆశ లేనిచో వెంటనే అమ్ముటయే మేలు.

మరువరాని సంగతులు

తాకట్టు ఋణము బహుమానము కాదు, అప్పే. ధర పడినచో కొంత సొమ్ము కట్టుమని సంఘము అడుగును. కట్టనిచో సరకు అమ్మి అప్పు జమ కట్టుకొనును. ఆ సొమ్మును పెండ్లికో పండుగకో వాడినవారికి పంట అప్పు అట్లే నిలిచి, తాకట్టు అప్పు దానిపై చేరును. రసీదుపై తూకము, రకము, తేదీ, బీమా సంగతి సరిగా ఉన్నవో లేవో చదివి చూడుడు. కిసాన్ క్రెడిట్ కార్డు గల చిన్న, సన్నకారు రైతులు వడ్డీ రాయితీ ఎంతకాలము వర్తించునో బ్యాంకులో ముందే అడుగవలెను.

గ్రామ ఉద్యోగులకు ఒక మనవి. నమోదైన గిడ్డంగి ఎచ్చట ఉన్నదో, అద్దె ఎంతో, అప్పు ఎవరు ఇత్తురో కోతలకు ముందే గ్రామమున చాటింపు వేయించుడు. కళ్ళములో కుప్ప నూర్చిన పిమ్మట చెప్పిన మాట రైతుకు ఉపకరించదు.

ధర నిర్ణయించుట మన చేతిలో లేకపోవచ్చును. అమ్మెడి రోజైనను మన చేతిలో ఉంచుకొందము.