మట్టిలో దాగిన రెక్కలు

తొలకరికి ముందు పూలపాదులు త్రవ్వునపుడు గోధుమరంగు గల చిన్న కాయవంటి వస్తువు ఒక్కొక్కప్పుడు పారకు తగులును. విత్తనమని కొందరు పారవేయుదురు. పురుగని కొందరు కాలితో నలుపుదురు. మెల్లగా చేతిలోనికి తీసికొన్నచో దాని తోకవైపు భాగము అటునిటు కదలును. గొంగళిపురుగు రెక్కలపురుగుగా మారుటకు నడుమ గల దశ అది. జంతుశాస్త్రమున దానికి ప్యూపా అని పేరు.

పట్టుపురుగు తన చుట్టును గూడు అల్లుకొనుట విద్యార్థులెరిగినదే. మట్టిలోనికి దిగు మాత్‌లలో పెక్కు మట్టినే చిన్న గదివలె మలచుకొని అందు విశ్రమించును. రెక్కలు, కాళ్లు, మీసములు దేహమునకు అంటుకొని, అంతయు ఒకే నున్నని పెంకుగా కనబడినచో అది మాత్ ప్యూపా కావచ్చును. కాళ్లు విడివిడిగా, రంగు పాలిపోయి ఉన్నచో పెంకుపురుగుది. అవయవములేవియు తెలియక చిన్న పీపావలె ఉన్నచో ఈగజాతిది.

ఏ మొక్క క్రింద దొరకినదో చూచుట తరువాతి మెట్టు. చిలగడదుంప పాదులో 5 సెంటీమీటర్ల ప్యూపా దొరకి, తలవద్ద కూజా పిడివలె వంగిన భాగము కనబడినచో అది అగ్రియస్ కన్వాల్వులై. ఆ పిడి దాని పొడవైన తొండమునకు ఒర. నువ్వుచేలో దొరకిన పెద్ద ప్యూపాకు అట్టి పిడి లేనిచో, వీపుపై కపాలమువంటి గుర్తు గల అకెరాంటియా స్టిక్స్‌ది కావచ్చును. పొగాకు, ఆముదము మొక్కల క్రింద 2 సెంటీమీటర్లకు మించని ఎర్రని ప్యూపా కనబడినచో పొగాకు లద్దెపురుగును శంకింపవలెను.

రాయలసీమ వేరుసెనగ రైతునకు ఈ గుర్తింపు పంటను కాపాడు విద్య. ఎర్ర గొంగళిపురుగు చేను తిని, మట్టిలో దిగి, నెలల తరబడి ప్యూపాగానే ఉండి, మరుసటి తొలివానలకు రెక్కలతో వెలువడును. ఒక్కొక్క ఆడపురుగు వందలకొలది గుడ్లు పెట్టును. వేసవిలో లోతుగా దున్నినచో ఈ ప్యూపాలు బయటపడి, ఎండకును పక్షులకును బలియగును. కాని కంటబడిన ప్రతి ప్యూపాయు శత్రువే యనుకొనరాదు. చిలగడదుంప ఆకు తిని పెరిగిన ఆ మాత్, రాత్రివేళ పొడవైన గొట్టపుపూలలో తేనె త్రాగుచు పుప్పొడిని పువ్వునుండి పువ్వునకు చేర్చును.

పేరు తేలని ప్యూపాను బడిలో పెంచి చూడవచ్చును. వెడల్పైన సీసాలో కొద్దిపాటి తడి గల మట్టి పోసి, ప్యూపా నుంచి, ఒక పుల్ల నిలిపి, వలగుడ్డ కట్టవలెను. వెలువడిన మాత్ పుల్ల నెక్కి వ్రేలాడిన గాని దాని రెక్కలు చక్కగా విచ్చుకొనవు. దొరకిన తేదీ, లోతు, దగ్గరనున్న మొక్క పేరు వ్రాసి సీసాకు అంటింపవలెను. ఒక్కొక్కప్పుడు మాత్‌కు మారుగా సన్నని కందిరీగయో ఈగయో వెలువడును. గొంగళి దేహములో పెరిగి దానినే తినివేసిన పరాన్నజీవి అది. రైతునకు వేతనము లేని కాపరి. దానిని తోటలో విడిచిపెట్టవలెను.