మిల్‌సబ్ (చేతి గడియారం)

మిల్‌సబ్ లేదా మిలిటరీ సబ్‌మెరైనర్ అనేది స్విట్జర్లాండుకు చెందిన రోలెక్స్ సంస్థ 1970 దశకంలో బ్రిటిషు రక్షణ శాఖ కొరకు తయారు చేసిన చేతి గడియారం. నీటి అడుగున పనిచేసే నౌకాదళ, సైనిక దళ డైవర్లకు దీనిని పనిముట్టుగా ఇచ్చేవారు. మొత్తం సుమారు 1,200 మాత్రమే తయారైనట్లు అంచనా. వీటి వేలం ధర లక్ష పౌండ్లు దాటిన సందర్భాలు కలవు.

లోపలి యంత్రం విషయంలో దీనికీ, అప్పట్లో దుకాణాలలో అమ్మిన 5513 నమూనా సబ్‌మెరైనర్‌కూ తేడా లేదు. అయినా ధరలో అనేక రెట్ల వ్యత్యాసం ఉండటానికి కారణం పైకి కనిపించే కొన్ని చిన్న భాగాలు, వెనుక మూతపై చెక్కిన అంకెలు.

ప్రత్యేకతలు

రక్షణ శాఖ కోరిన మార్పులన్నీ అవసరం కొరకు చేసినవే. మసక నీటిలో కనిపించేలా వెలుగు పూత ఎక్కువ పట్టే వెడల్పాటి కత్తి ఆకారపు ముళ్ళు అమర్చారు. 1967 నుండి ఇదే సేనలకు ఒమేగా సంస్థ సరఫరా చేసిన సీమాస్టర్ 300 వాచీలలోనూ ఇటువంటి ముళ్ళే ఉండేవి. అద్దం చుట్టూ తిరిగే వలయంపై మామూలు నమూనాలో మొదటి 15 నిమిషాలకే గీతలుండగా, దీనిలో 60 నిమిషాలకూ ఉంటాయి. పట్టీని పట్టి ఉంచే కడ్డీలు ఊడిపోకుండా శాశ్వతంగా అతికించబడ్డాయి. అందువలన దీనికి లోహపు గొలుసు పట్టదు, గుడ్డ పట్టీని మాత్రమే దూర్చాలి. డయల్‌పై వృత్తంలో ఉన్న 'టి' అక్షరం వెలుగు పూతలో ట్రిటియం వాడినట్లు తెలుపుతుంది. ట్రిటియం సుమారు 12 సంవత్సరాలకు సగానికి తగ్గిపోతుంది కనుక నేడు ఈ వాచీలు చీకటిలో దాదాపుగా వెలగవు. విచిత్రమేమంటే, ఆ పూతను తిరిగి వేయించి వెలిగేలా చేస్తే విలువ పడిపోతుంది.

వెనుక మూతపై ప్రభుత్వ ఆస్తిని సూచించే బాణపు గుర్తు, దాని కింద జారీ సంఖ్య, సంవత్సరం ఉంటాయి. 0552తో మొదలయ్యే సంఖ్య నౌకాదళానికి, డబ్ల్యు10తో మొదలయ్యేది సైనిక దళానికి చెందినవి.

అరుదు కావడం

మిగులు సరుకుగా బయటకు వచ్చిన రోజులలో ఇవి వాడి పారేసిన పాత వాచీలు మాత్రమే. కొన్న వారు మరమ్మతుకు ఇచ్చినపుడు గీతలు పడిన వలయాన్ని, రంగు మారిన ముళ్ళను తీసివేసి మామూలు నమూనా భాగాలు వేయడం సాధారణం. కొందరు అతికించిన కడ్డీలను కోయించి గొలుసు తగిలించుకున్నారు. నేడు అటువంటి వాచీ చక్కగా నడుస్తున్నా, ఏ మార్పూ లేని వాచీకి పలికే ధర దానికి పలకదు. విలువ అంతా విడిభాగాలలోనే ఉండటం వలన మామూలు 5513కు కత్తి ముళ్ళు తగిలించి, కొత్తగా అంకెలు చెక్కించిన నకిలీలు కూడా తయారయ్యాయి. కనుక వాచీని పొందిన సైనికుని సేవా పత్రాలు తోడుగా ఉంటే ధర మరింత పెరుగుతుంది.

అమెరికా నౌకాదళం 1960 దశకంలో వాడిన టోర్నెక్-రేవిల్ టీఆర్-900 పరిస్థితి ఇంకా తీవ్రం. ప్రొమీథియం అనే రేడియోధార్మిక పదార్థం వాడినందున వాటి వెనుక మూతపై ప్రమాద హెచ్చరిక ఉంటుంది. పని ముగిసిన తరువాత వాటిలో అధిక భాగం రేడియోధార్మిక వ్యర్థాలుగా నాశనం చేయబడ్డాయని భావిస్తారు.