మూలమట్టం మెడలో వేసుకున్న దొరలు

ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలిచిపోతాయి. జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ కలాసీలకు పని ఉండదు. వడ్రంగులకు మాత్రం అన్నం తినే తీరిక ఉండదు. పుచ్చిన చెక్క ఊడదీయాలి, కొత్త చెక్క బిగించాలి, సందులు పూడ్చాలి. ఆ వడ్రంగి సంచి విప్పి చూస్తే మూడు వస్తువులు తప్పక కనిపిస్తాయి. మూల సరిచూసే మూలమట్టం, సమం చూసే రసమట్టం, నిలువు చూసే దారం కట్టిన గుండు.

ఇవే మూడు పనిముట్లను లోహపు పతకాలుగా పోతపోయించి, లేత నీలం పట్టీకి తగిలించి మెడలో వేసుకున్న దొరలు ఒకప్పుడు మన దేశపు రేవుపట్నాల్లో ఉండేవారు. వారే ఫ్రీమేసన్లు. మేసన్ అంటే తాపీ పనివాడు. అయితే వీరిలో తాపీ పట్టినవారు బహు అరుదు. కంపెనీ వర్తకులు, సేనాధికారులు, వైద్యులు, ఓడ కెప్టెన్లు, ఇంజనీర్లు. పనిముట్టు ఒకరిది, పతకం ఇంకొకరిది!

విశాఖలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం వెలసినది 1682లో. అప్పటికి లండన్‌లో మేసన్లకు మహాసభ అంటూ లేదు. అది ఏర్పడింది 1717 జూన్ 24న. నాలుగు లాడ్జీల వారు ఒక సారాయి దుకాణంలో కూడి పెద్దలను ఎన్నుకున్నారని జేమ్స్ ఆండర్సన్ 1738 నాటి తన పుస్తకంలో రాశాడు. గ్రాండ్ మాస్టర్‌గా ఆంటోనీ సేయర్ అనే పెద్దమనిషి, వార్డెన్లుగా జేకబ్ లాంబాల్, జోసెఫ్ ఇలియట్. వీరిలో ఇలియట్ కెప్టెన్ హోదా గలవాడు. లాంబాల్ మాత్రం వడ్రంగి. ఆండర్సన్ చెప్పిన తేదీ సరైనదేనా అని ఈ మధ్య చరిత్రకారులు సందేహపడుతున్నారు గాని, మొదటి ముగ్గురిలో ఒక వడ్రంగి పేరు ఉండటం గమనించదగ్గది. తరువాతి కాలంలో, ముఖ్యంగా మన దేశంలో, ఆ వరుసలో వడ్రంగి పేరు వెదికినా దొరకడం కష్టం.

ముగ్గురి పేర్లతో సన్నదు

కొత్త లాడ్జి పెట్టాలంటే మేసన్లు కనీసం ఏడుగురు చేవ్రాలు చేసి లండన్‌కు అర్జీ పంపాలి. ఓడ మీద అది చేరటానికి అయిదారు నెలలు, జవాబు రావటానికి మరో అయిదారు నెలలు. ఈలోగా అర్జీదారుల్లో ఎవరికి బదిలీ అవుతుందో, ఎవరు కలరాతో పోతారో చెప్పలేని రోజులు. అనుమతి వస్తే ‘వారంట్’ అనే సన్నదు వస్తుంది. అందులో మూడు పేర్లు ఉంటాయి. మొదటి మాస్టర్, మొదటి సీనియర్ వార్డెన్, మొదటి జూనియర్ వార్డెన్. ఆ కాగితం సభలో లేనిదే సభ చెల్లదు.

మాస్టర్ మెడలో మూలమట్టం. అతడు తూర్పున కూర్చుంటాడు, ఉదయించే సూర్యుడికి గుర్తుగా. సీనియర్ వార్డెన్‌ది రసమట్టం, పడమటి కుర్చీ. జూనియర్ వార్డెన్‌ది దారం గుండు, దక్షిణపు కుర్చీ. ఉత్తరాన ఈ ముగ్గురిలో ఎవరూ కూర్చోరు. ట్రెజరర్‌కు తాళంచెవి, కార్యదర్శికి అడ్డంగా పెట్టిన రెండు కలాలు. ఆ తరువాత డీకన్లు, లోపలి కాపలాదారు. అందరికన్నా చివరివాడు టైలర్. కత్తి పట్టుకుని తలుపు బయట నిలబడటం అతని పని. తలుపు మూసుకున్న గదిలో దొరలు ఏంచేస్తున్నారో తెలియక ఉత్తరాదిన జనం ఈ భవనాలకు ‘జాదూఘర్’ అని పేరుపెట్టారు.

మన దేశంలో మేసన్ల కథ 1729 ప్రాంతంలో కలకత్తాలో మొదలయింది. 1752లో మద్రాసుకు, 1758లో బొంబాయికి లాడ్జీలు వచ్చాయి. మూడూ రేవులే. మద్రాసులో 1786లో పెట్టిన ‘పర్ఫెక్ట్ యునానిమిటీ’ లాడ్జి పేరుపొందింది. విశాఖ కూడా అప్పట్లో మద్రాసు పాలన కిందిదే.

లోపలికి ఎవరు?

మొదటి అధికారుల పేర్లకు అంత ప్రాముఖ్యం ఎందుకంటే, తలుపు ఎవరికి తీయాలన్నది తేల్చేది వారే. ఆర్కాటు నవాబు పెద్దకొడుకు ఉమ్దతుల్ ఉమరాను 1770ల్లో తిరుచిరాపల్లిలో చేర్చుకున్నారు. లండన్ నుంచి అతనికి మేసన్ల ఏప్రను, నియమావళి పుస్తకం కానుకగా వచ్చాయి. నవాబు కొడుకు కనుక సాగింది. మామూలు భారతీయుడికి ఆ తలుపు తెరుచుకోవటానికి మరో డెబ్బై ఏళ్లు, కలకత్తాలో నైతే నూరేళ్లు పట్టింది.

బొంబాయిలో మానెక్‌జీ కర్సెట్‌జీ అనే పార్సీ పెద్దమనిషిని అక్కడి లాడ్జీలు రానివ్వలేదు. ఆయన పారిస్ వెళ్లి మేసన్ అయి తిరిగివచ్చాడు. సొంత ఊళ్లో కాదన్నది ఏడు సముద్రాల అవతల అవునన్నారు. చివరికి డాక్టర్ జేమ్స్ బర్న్స్ అనే కంపెనీ వైద్యుడు 1843 డిసెంబరులో, స్కాట్లండు మేసన్ల అధికారం కింద, భారతీయులను చేర్చుకోవటానికే ఒక లాడ్జి స్థాపించాడు. దాని పేరు ‘రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా’. మొదటి మాస్టర్ కుర్చీ బర్న్స్‌దే. ఆయన తమ్ముడు అలెగ్జాండర్ బర్న్స్ అంతకు రెండేళ్ల ముందే కాబూల్‌లో అల్లరిమూకల చేతిలో హతమయ్యాడు. ఆ దుఃఖం ఆరకముందే అన్నగారు చేసిన పని ఇది. పగ పట్టే మనిషి చేసే పని కాదు.

కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్ అనే వర్తకుడిది మరో కథ. ‘ఆసియా వారికి’ ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధన అడ్డం పెట్టి ఆయన్ను ఏళ్ల తరబడి తిప్పారు. ఆయన పట్టు వదలలేదు. 1872లో చేరాడు. ఆపైన పన్నెండేళ్లకు, 1884లో, అదే నగరంలో నరేంద్రనాథ్ దత్ అనే యువకుడు ‘యాంకర్ అండ్ హోప్’ లాడ్జిలో చేరాడు. యాంకర్ అంటే లంగరు, హోప్ అంటే ఆశ. ఆ యువకుడే తరువాత వివేకానందస్వామి.

తెలుగుగడ్డ మీద మేసన్ల పేరు చెప్పగానే గుర్తుకువచ్చేది హైదరాబాద్ గోషామహల్ బారాదరి. భద్రాచల రామదాసును చెరలో పెట్టిన తానీషా 1680ల్లో కట్టించినది. గోషా స్త్రీల కోసమని పేరులోనే ఉంది. ఆరో నిజాం కాలంలో, 1872లో, అది మేసన్ల చేతికి వచ్చింది. ఆడవారి పరదా కోసం కట్టిన మహల్లో మగవారు తలుపులు మూసుకుని రహస్యాలు చెప్పుకోవటం విడ్డూరమే మరి!

స్వాతంత్ర్యం వచ్చాక 1961 నవంబరు 24న భారత గ్రాండ్ లాడ్జి వేరుగా ఏర్పడింది. మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు రజా అలీఖాన్. పాత లాడ్జీల్లో కొన్ని ఇందులో కలిశాయి, కొన్ని లండన్, ఎడింబరోలతోనే ఉండిపోయాయి.

ఇక బయట కత్తి పట్టుకుని నిలుచున్న టైలర్ సంగతి. సన్నదులో అతని పేరు ఉండదు. చాలాచోట్ల అతడు కూలికి కుదిరిన మనిషే. కాని విందు ముగిసేటప్పుడు చివరి మాట అతనిది. నేల మీదా నీటి మీదా చెదిరిపోయి కష్టాల్లో ఉన్న సోదరులకు ఊరట కలగాలని, కోరుకున్నవారు స్వదేశానికి క్షేమంగా చేరాలని అతడు కోరతాడు. అందరూ గ్లాసులెత్తి తాగుతారు. ఆ గ్లాసులెత్తిన దొరల్లో ఎందరో స్వదేశం చేరలేదు. విశాఖ పాతనగరంలో, ఈ హార్బర్‌కు ఎంతో దూరం లేని దొరల శ్మశానంలో, అలా మిగిలిపోయిన ఆంగ్లేయుల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.